అత్యాశ అనే సాకు: అగ్రిగోల్డ్ ఉదంతంలో అధికార యంత్రాంగం బాధ్యత

పెట్టుబడుల పేరిట జరిగిన మోసం బయటపడిన ప్రతిసారీ తెలుగునాట రెండు మాటలు జంటగా వినిపిస్తాయి. జనం అత్యాశకు పోయి చేతులు కాల్చుకున్నారన్నది మొదటి మాట. అప్పటికి తగిన చట్టం లేకపోవడం వల్ల, ఉన్న చట్టం ఏ శాఖ పరిధిలోకి వస్తుందో తేలకపోవడం వల్ల అధికారులు చూస్తూ ఉండిపోవలసి వచ్చిందన్నది రెండవ మాట. ఈ రెండింటినీ కలిపి ఒప్పుకుంటే నష్టపోయినవాడు తన నష్టానికి తానే కారకుడవుతాడు, కాపాడవలసినవాడు నిస్సహాయుడిగా మిగులుతాడు, సంస్థ యజమానుల మీద కేసు నడవడంతో వ్యవహారం ముగిసిపోయినట్టే లెక్క. అగ్రిగోల్డ్ ఉదంతాన్ని తేదీల వారీగా, చట్టాల వారీగా పరిశీలించినప్పుడు ఈ రెండు మాటల్లో ఒక్కటీ నిలవదు. అధికార యంత్రాంగం చేతిలో చట్టం ఉంది, సమాచారం ఉంది, ఏళ్ల తరబడి వ్యవధి ఉంది; లేనిదల్లా, కదలని అధికారిని ఎందుకు కదలలేదని అడిగే ఏర్పాటు. ఆ ఏర్పాటు నేటికీ లేదు కనుకనే ఈ వాదాన్ని ఇంత కాలం తరువాత కూడా ఖండించవలసి వస్తున్నది.

విజయవాడ కేంద్రంగా 1995లో మొదలైన అగ్రిగోల్డ్ సంస్థ వ్యవసాయ భూముల, ఇళ్ల స్థలాల పేరుతో జనం నుంచి డబ్బు వసూలు చేసింది. ఒకేసారి గానీ నెలవారీ వాయిదాల్లో గానీ డబ్బు కట్టినవారికి గడువు తీరాక ప్లాటు అయినా ఇస్తామని, వద్దంటే పెరిగిన మొత్తాన్ని నగదుగా అయినా చెల్లిస్తామని బాండు రాసి ఇచ్చింది. కాగితం మీద అది స్థిరాస్తి వ్యాపారం. ఆచరణలో అది డిపాజిట్ల సేకరణ. ఇటువంటి వ్యాపారంలో భూమి మీద వచ్చే రాబడి గడువు తీరిన బాండ్లకు సరిపోనప్పుడు పాతవారికి ఇవ్వవలసిన డబ్బును కొత్తగా చేరినవారి డబ్బులోంచి తీసి ఇవ్వడం మొదలవుతుంది. దీన్నే పోంజీ పథకమంటారు. కొత్త వసూళ్లు పాత బాకీలను మించి ఉన్నంత కాలం అది బయటికి ఆరోగ్యంగానే కనిపిస్తుంది. వసూళ్లు మందగించిన రోజున ఒక్కసారిగా కూలుతుంది. అగ్రిగోల్డ్‌లో ఆ రోజు 2014 చివర వచ్చింది. 2015 జనవరిలో పశ్చిమ గోదావరి జిల్లా పెదపాడు పోలీసు స్టేషనులో కేసు నమోదైంది, దర్యాప్తు సిఐడి చేతికి వెళ్లింది. 2016లో సంస్థ ఛైర్మన్‌ను అరెస్టు చేశారు. ఆర్థిక నేరాలలో అక్రమ ధన తరలింపును పరిశోధించే కేంద్ర సంస్థ ఈడీ లెక్క ప్రకారం 32,02,628 ఖాతాల నుంచి సేకరించిన మొత్తం సుమారు 6,380 కోట్ల రూపాయలు. యజమానుల నేరం న్యాయస్థానంలో తేలవలసిన విషయం; దాని మీద తీర్పు చెప్పడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు.

అత్యాశ అనే మాటకు ఈ అంకెలలోనే సమాధానం ఉంది. 6,380 కోట్లను 32 లక్షల ఖాతాలకు పంచి చూస్తే ఒక్కో ఖాతాకు వచ్చేది ఇరవై వేల రూపాయల లోపే. 2019 నవంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం పది వేల రూపాయల లోపు కట్టినవారికి తన ఖజానా నుంచి చెల్లింపులు చేసినప్పుడు 3.69 లక్షల మందికి విడుదల చేసినది సుమారు 264 కోట్లు, అంటే మనిషికి సగటున ఏడు వేల పైచిలుకు. ఏడు వేల రూపాయలు కట్టి కోటీశ్వరుడు కావాలని కలగన్నవాడు ఎవరూ ఉండడు. ఆ డబ్బు కూలిపనిలో మిగిలినది, చీటీ పాటలో వచ్చినది, కూతురి పెళ్లి కోసం నెలకు కొంత చొప్పున దాచినది. బ్యాంకులో ఖాతా తెరవాలంటే సెలవు పెట్టుకుని పట్నం వెళ్లవలసినవాళ్ల ఇంటి గుమ్మం దగ్గరికి ఏజెంటు నెలనెలా వచ్చి వాయిదా తీసుకుని రసీదు ఇచ్చి వెళ్లాడు. ఆ ఏజెంటు సాధారణంగా అదే ఊరివాడు, తెలిసినవాడు, తన సొంత డబ్బు కూడా అందులోనే పెట్టినవాడు. సంస్థ కూలాక డిపాజిటర్లతో పాటు ఏజెంట్లలోనూ ఆత్మహత్యలు జరిగాయి. మోసంలో తెలిసి భాగస్తుడైనవాడు ఊరివాళ్లకు ముఖం చూపలేక ప్రాణం తీసుకోడు.

అత్యాశ వాదంలో దీనికన్నా లోతైన దోషం మరొకటి ఉంది. డిపాజిటరు ఒక సంస్థను నమ్మేటప్పుడు దాని లెక్కల పుస్తకాలు తెప్పించి చదవడు. చదివే అధికారం అతనికి లేదు, ఉన్నా అర్థం చేసుకునే శిక్షణ లేదు. అతను చూసేది బయటి గుర్తులను. సంస్థకు పట్టణాలలో కార్యాలయాలు ఉన్నాయి, పత్రికల్లో ప్రకటనలు వస్తున్నాయి, మంగళగిరి దగ్గర జాతీయ రహదారి పక్కనే హాయ్‌ల్యాండ్ అనే విహార కేంద్రం కళ్లకు కనిపిస్తున్నది, అన్నిటికీ మించి ప్రభుత్వం దాన్ని నడవనిస్తున్నది. ఇన్నేళ్లుగా బహిరంగంగా నడుస్తున్న సంస్థ దొంగదైతే సర్కారు ఊరుకుంటుందా అన్నది సామాన్యుడి తర్కం, అది సరైన తర్కం. పౌరుడు తాను పరిశీలించలేని విషయాలను పరిశీలించడానికే పన్నులు కట్టి అధికారులను నియమించుకుంటాడు. వాళ్ల మౌనాన్ని అతను అనుమతిగా అర్థం చేసుకుంటే తప్పు మౌనం వహించినవారిది. ఆ మౌనాన్ని నమ్మినందుకు అతన్ని అత్యాశాపరుడనడం న్యాయం కాదు.

ఇక చట్టం లేదన్న వాదన. ఇది మొదటిదానికన్నా గంభీరంగా వినిపిస్తుంది కనుక దీన్ని విడమరచి చూడవలసి ఉంది. ఈ తరహా పథకాలను అదుపు చేసే మొదటి కేంద్ర చట్టం 1978 నాటిది. బహుమతి చీటీలను, గొలుసుకట్టు పద్ధతిలో డబ్బు తిప్పే పథకాలను నిషేధించిన ఆ చట్టం, స్టేషను బాధ్యత చూసే పోలీసు అధికారికే అనుమానం ఉన్న కార్యాలయంలోకి ప్రవేశించి సోదా చేసే అధికారాన్ని, పత్రాలు స్వాధీనం చేసుకునే అధికారాన్ని ఇచ్చింది. పీర్‌లెస్ కేసులో 1987లో సుప్రీంకోర్టు ఆ చట్టంలోని నిర్వచనాలను కుదించి అర్థం చెప్పింది కనుక అగ్రిగోల్డ్ వంటి పథకానికి అవి పూర్తిగా సరిపోతాయా అన్నది వాదించదగిన ప్రశ్నే. ఆ ప్రశ్నను పక్కన పెట్టినా ఇబ్బంది లేదు, ఎందుకంటే ఆంధ్రప్రదేశ్ శాసనసభ 1999లోనే డిపాజిటర్ల రక్షణకు ప్రత్యేకంగా ఒక చట్టం చేసింది. ఆర్థిక సంస్థల డిపాజిటర్ల రక్షణ చట్టంగా పిలిచే ఆ శాసనం, సంస్థ డబ్బు ఎగవేసిన తరువాతే కాక, డిపాజిటర్లను మోసగించే ఉద్దేశంతో నడుస్తున్నదని, డబ్బు తిరిగి ఇచ్చే అవకాశం లేదని ప్రభుత్వానికి నమ్మకం కలిగినప్పుడు కూడా ఆస్తులను తాత్కాలికంగా జప్తు చేసే అధికారాన్ని ఇచ్చింది. అంటే సంస్థ బోర్డు తిప్పేసే దాకా ఆగనక్కరలేదని చట్టమే చెప్పింది. తమిళనాడు చేసిన ఇటువంటి చట్టమే రాజ్యాంగబద్ధమని సుప్రీంకోర్టు 2011లో తీర్పు చెప్పింది కనుక రాష్ట్రాలకు ఆ అధికారం ఉందా అన్న సందేహానికి కూడా తావు లేకుండా పోయింది.

కేంద్రం వైపు చూస్తే, 1990ల మధ్యలో తోటల పేరిట, టేకు మొక్కల పేరిట, వ్యవసాయ భూముల పేరిట దేశమంతటా వందల సంస్థలు పుట్టుకొచ్చినప్పుడు, వాటిని స్టాక్ మార్కెట్ల నియంత్రణ సంస్థ అయిన సెబీ పరిధిలోకి తెస్తున్నట్టు 1997 నవంబరులో కేంద్ర ప్రభుత్వం ప్రకటించింది. 1999 అక్టోబరులో సెబీ వాటికి నిబంధనలు చేసింది. సెబీ చట్టంలో 11ఏఏ అనే కొత్త సెక్షను చేరి, సామూహిక పెట్టుబడి పథకం అంటే ఏమిటో నిర్వచించింది. చాలామంది డబ్బును ఒకచోట చేర్చి, దాని నుంచి లాభమో ఆస్తో వస్తుందని ఆశ చూపి, ఆ డబ్బు నిర్వహణలో రోజువారీ అధికారం కట్టినవారికి లేకుండా మరొకరు నడిపే పథకం ఏదైనా ఈ నిర్వచనంలోకి వస్తుంది. అగ్రిగోల్డ్ పథకాన్ని ఇంతకన్నా దగ్గరగా వర్ణించడం కష్టం. ఆ నిబంధనల ప్రకారం నమోదు చేయించుకోని సంస్థ పథకాన్ని మూసివేసి డబ్బు తిరిగి ఇవ్వాలి.

ఈ చట్టాలన్నీ అగ్రిగోల్డ్ కూలడానికి పదిహేనేళ్ల ముందటివి. సంస్థ కూలిన తరువాత సిఐడి కేసు నడిపినది, ప్రభుత్వం ఆస్తులు జప్తు చేసినది 1999 నాటి రాష్ట్ర చట్టం కిందే. 2015లో పనికొచ్చిన చట్టం 2005లో ఎందుకు పనికిరాలేదన్న ప్రశ్నకు చట్టం లేదని చెప్పేవారి దగ్గర సమాధానం ఉండదు. పైగా పోలీసులకు ఇటువంటి వ్యవహారాలు అర్థం కావని కూడా అనలేము. 2006లో ఇదే రాష్ట్ర సిఐడి 1978 చట్టం కింద ఆమ్వే సంస్థ కార్యాలయాల మీద చర్యకు దిగింది, 2007 జూలైలో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఆ చర్యను సమర్థించింది. ఆ సంస్థ అప్పటికి కూలిపోలేదు, ఎవరికీ చెల్లింపులు ఆపలేదు. అయినా పోలీసులు ముందుగానే కదిలారు, కోర్టు తప్పుపట్టలేదు. అదే సిఐడి, అదే కాలం, అదే రాష్ట్రం. కదలాలనుకున్న చోట కదిలినట్టు రుజువు ఉండగా, కదలని చోట చట్టం అడ్డమైందని చెప్పడం చెల్లదు.

సమాచారం లేదన్నది మూడవ సాకు, ఇది మరీ బలహీనమైనది. నిబంధనలు రాకముందే సెబీ తన పిలుపుకు స్పందించిన 664 సంస్థల వివరాలను, అవి సేకరించిన 3,500 కోట్లకు పైబడిన మొత్తాన్ని లెక్కగట్టి పెట్టుకుంది. ఆ జాబితాలోని వాటిలో దాదాపు ఏ ఒక్కటీ కొత్త నిబంధనల ప్రకారం సక్రమంగా నమోదై వ్యాపారం కొనసాగించలేదు. దేశం మొత్తం మీద చాలా కాలం పాటు నమోదైన సంస్థ ఒక్కటే. అంటే ఈ రంగంలో బహిరంగంగా డబ్బు వసూలు చేస్తున్న మరే సంస్థను చూసినా అది అక్రమమని తెలుసుకోవడానికి పరిశోధన అక్కరలేదు, నమోదైన సంస్థల జాబితాలో పేరు లేదన్న ఒక్క విషయం చాలు. అగ్రిగోల్డ్ విషయంలో అంతకుమించిన సమాచారం కూడా ఉంది. సంస్థ ఛైర్మన్ అంతకుముందు ఇటువంటిదే అయిన గోల్డెన్ ఫారెస్ట్స్ పథకంలో పనిచేశారని, సెబీ ఒక దశలో జోక్యం చేసుకుని వ్యాపారం మూసివేయాలని, డిపాజిట్లు తిరిగి ఇవ్వాలని ఆదేశించిందని, ఆ తరువాత 150కి పైగా కంపెనీల ముసుగులో అదే వ్యాపారం సాగిందని ఈడీ 2020 డిసెంబరులో ప్రకటించింది. దర్యాప్తు సంస్థ చెప్పిన ఈ మాటల్లో యంత్రాంగం మీద పడే నేరారోపణ యజమానుల మీద పడేదానికన్నా చిన్నది కాదు. మూసివేయమని ఒకసారి ఆదేశించిన సంస్థ మూతపడిందో లేదో ఎవరు చూశారు? 150 కంపెనీలు రిజిస్ట్రారు దగ్గర నమోదవుతుంటే, చిరునామాలు, డైరెక్టర్లు పదే పదే కలుస్తుంటే ఎవరు అడిగారు? వేల ఎకరాలు ఒకే గుంపు పేర్ల మీద రిజిస్టరవుతున్నప్పుడు ఆ కొనుగోలుకు డబ్బు ఎక్కడిదని జిల్లా యంత్రాంగం ఏనాడైనా లెక్క తీసిందా? అదే కాలంలో ఇదే ప్రాంతంలో అక్షయ గోల్డ్, అభయ గోల్డ్ సంస్థల డిపాజిటర్లు వీధిన పడినప్పుడు, అదే నమూనాలో నడుస్తున్న పెద్ద సంస్థ మీద కన్ను వేయడానికి అంతకన్నా ఏ హెచ్చరిక కావాలి?

పరిధి తేలలేదన్న వాదనలో కొంత నిజం ఉంది, దాన్ని దాచనవసరం లేదు. రిజర్వు బ్యాంకు తన దగ్గర నమోదైన ఆర్థిక సంస్థలను చూస్తుంది, సెబీ సామూహిక పెట్టుబడులను చూస్తుంది, కంపెనీల డిపాజిట్లను కంపెనీ వ్యవహారాల శాఖ, చీటీలను రాష్ట్ర రిజిస్ట్రేషన్ శాఖ, మోసాన్ని పోలీసులు చూస్తారు. తెలివైన మోసగాడు ఈ గీతల మధ్య ఖాళీలోనే ఇల్లు కట్టుకుంటాడు: సెబీ అడిగితే భూమి అమ్మకమంటాడు, రిజిస్ట్రేషన్ శాఖ అడిగితే పెట్టుబడి అంటాడు. అయితే ఈ చిక్కు అధికారులకు తెలియనిది కాదు. తెలుసు కనుకనే రిజర్వు బ్యాంకు చొరవతో ప్రతి రాష్ట్రంలోనూ ఈ శాఖలన్నిటినీ ఒకచోట కూర్చోబెట్టే రాష్ట్ర స్థాయి సమన్వయ సంఘాలు ఏర్పడ్డాయి, 2014లో వాటికి ప్రధాన కార్యదర్శిని అధ్యక్షుడిగా చేసి పునర్వ్యవస్థీకరించారు. గీతల మధ్య ఖాళీని పూడ్చడమే ఆ సంఘం పని అయినప్పుడు, ఖాళీ ఉంది కనుక పని జరగలేదని చెప్పడం సంఘం ఉనికినే కాదనడం. అసలు సంగతేమిటంటే, ఫిర్యాదు వచ్చిన ప్రతి శాఖా దాన్ని సంబంధిత శాఖకు పంపినట్టు ఒక లేఖ రాసి ఫైలు మూసింది. లేఖ పంపడమే పని పూర్తి కావడంగా లెక్కించే పద్ధతిలో, ఫిర్యాదు ఐదు కార్యాలయాలు తిరిగినా ఏ ఒక్క మనిషి బల్ల మీదా ఆగదు.

కోర్టులు అడ్డుపడ్డాయన్న మాటకు మాత్రం గౌరవంగా సమాధానం చెప్పవలసి ఉంది. భూముల పేరిట దేశంలోకెల్లా పెద్ద పథకం నడిపిన పీఏసీఎల్ సంస్థ తమ వ్యాపారం సామూహిక పెట్టుబడి కాదని వాదించి 2003లో రాజస్థాన్ హైకోర్టులో గెలిచింది. సెబీ అప్పీలు మీద సుప్రీంకోర్టు ఆ తీర్పును తిరగరాసేసరికి 2013 ఫిబ్రవరి వచ్చింది. 2014లో సెబీ డబ్బు వాపసు ఇమ్మని ఆదేశించే నాటికి ఆ సంస్థకు కట్టినవారు 5.85 కోట్ల మంది, మొత్తం 49,100 కోట్లు. ఆ పదేళ్ల జాప్యంలో న్యాయవ్యవస్థకు పెద్ద భాగమే ఉంది. కానీ ఆ తీర్పు కట్టడి చేసినది ఒక సంస్థ మీద సెబీ చర్యను మాత్రమే. రాష్ట్రాల పోలీసులను, రాష్ట్ర చట్టాలను అది ముట్టుకోలేదు. అప్పీలు వేసి పదేళ్లు ఎదురుచూడడానికి, తొందరగా విచారించమని కోర్టును మళ్లీ మళ్లీ అడగడానికి మధ్య ఉన్న తేడాలో కోట్ల మంది మునిగారు.

అధికారుల తరఫున చెప్పగలిగిన అన్నిటికన్నా బలమైన వాదన వేరే ఉంది. సంస్థ చెల్లింపులు సక్రమంగా చేస్తున్నప్పుడు ప్రభుత్వం వెళ్లి ఆస్తులు జప్తు చేస్తే, భయంతో అందరూ ఒకేసారి డబ్బు అడుగుతారు, సంస్థ ఆ రోజే కూలుతుంది, కూల్చిన నింద ప్రభుత్వం మీద పడుతుంది. కదలకుండా ఉంటే ఏదో ఒక విధంగా అది నిలదొక్కుకోవచ్చు కదా అన్నది ఆ వాదన. ఇది మంచి మనసుతో చేసినా తప్పే, ఎందుకంటే పోంజీ పథకం నిలదొక్కుకోవడం అంకగణితం రీత్యా అసాధ్యం. పాత బాకీ తీర్చడానికి తెచ్చిన కొత్త డబ్బు మరుసటి రోజే పెరిగిన బాకీ అవుతుంది, దాని పైన ఏజెంట్ల కమీషను, కార్యాలయాల ఖర్చు, యజమానుల విలాసం అదనం. వంద మందికి బాకీ ఉన్న రోజున సంస్థను ఆపితే వంద మంది కొంత నష్టపోతారు, ఉన్న భూమి అమ్మి కొంత రాబట్టవచ్చు. రెండేళ్లు ఆగి ఆపితే ఆ వంద మందిలో కొందరు డబ్బు తీసుకుని బయటపడి ఉంటారు, వాళ్ల స్థానంలో ఐదు వందల మంది కొత్తవారు చిక్కుకుని ఉంటారు, ఆస్తి మాత్రం అంతే ఉంటుంది లేదా తగ్గి ఉంటుంది. ఆలస్యం ఎవరినీ కాపాడదు, మునిగేవారిని మార్చి సంఖ్యను పెంచుతుంది. కదలకపోవడం జాగ్రత్త అనుకోవడంలోని తప్పు ఇది. 2013లో పశ్చిమ బెంగాల్‌లో శారదా గ్రూపు కూలినప్పుడు, ఆ సంస్థ పథకాన్ని మూసివేయాలని సెబీ ఉత్తర్వు ఇచ్చినది ఏప్రిల్ 23న; పరారీలో ఉన్న సంస్థ అధిపతిని కశ్మీర్‌లో పట్టుకున్నది కూడా అదే రోజు. మూడేళ్ల ముందే ఆ సంస్థ సెబీ దృష్టికి వచ్చింది. ఆ తరువాత రాష్ట్ర ప్రభుత్వం వేసిన విచారణ సంఘం ముందుకు నష్టపోయినవారి నుంచి 17 లక్షలకు పైగా దరఖాస్తులు వచ్చాయి.

ఈ అంకగణితం సీనియర్ అధికారులకు తెలియదని అనుకోలేము. తెలిసీ కదలకపోవడానికి కారణం వారి వ్యక్తిగత దుర్మార్గం కానక్కరలేదు. లంచం తిన్నవారు కొందరు ఉండి ఉండవచ్చు, కాని లంచం లేని చోట కూడా ఇదే జరుగుతుంది. చెల్లింపులు సాగుతున్న సంస్థను ఆపిన అధికారి కార్యాలయం ముందు మర్నాడు ధర్నా చేసేది డిపాజిటర్లే. స్థానిక నాయకుడు ఫోన్ చేస్తాడు, సంస్థ హైకోర్టుకు వెళ్తుంది, వ్యాపారాన్ని దెబ్బతీశాడన్న పేరు ఫైలులో పడుతుంది, బదిలీ వస్తుంది. ఆపని అధికారికి ఏమీ జరగదు. సంస్థ కూలే నాటికి అతను మరో జిల్లాలోనో మరో శాఖలోనో ఉంటాడు, అతని కాలంలో వచ్చిన ఫిర్యాదు ఏమైందని ఎవరూ అడగరు. ఒక వైపు తప్పనిసరి నష్టం, రెండో వైపు శూన్యం ఉన్నప్పుడు సగటు మనిషి ఏది ఎంచుకుంటాడో అదే జరిగింది. ఈ తూకాన్ని మార్చకుండా ఎన్ని చట్టాలు చేసినా అవి పుస్తకాల్లోనే ఉంటాయి.

ఈ నిష్క్రియ పేద దేశపు, నిరక్షరాస్య డిపాజిటర్ల సమస్య అనుకునేవారు అమెరికాలో బెర్నార్డ్ మేడాఫ్ ఉదంతాన్ని చూడవచ్చు. అక్కడ మోసపోయినవారిలో బ్యాంకులు, పెట్టుబడి నిధులు, దాతృత్వ సంస్థలు ఉన్నాయి. ఆశ చూపిన రాబడి ఏటా పది, పన్నెండు శాతమే. నియంత్రణ సంస్థ సెక్‌కు చట్టం కొరత లేదు, పరిధి వివాదం లేదు. హ్యారీ మార్కోపొలస్ అనే ఆర్థిక విశ్లేషకుడు 2000 నుంచి పదే పదే ఫిర్యాదు చేశాడు. 2005లో ఇది ప్రపంచంలోకెల్లా పెద్ద మోసమని చెబుతూ దాదాపు ముప్పై అనుమానాస్పద అంశాలు రాసి ఇచ్చాడు. 2006లో సెక్ సిబ్బంది మేడాఫ్‌ను ప్రశ్నించినప్పుడు, షేర్లను భద్రపరిచే కేంద్ర సంస్థలోని తన ఖాతా వివరాన్ని అతను చెప్పాడు. ఆ సంస్థను ఒక్క మాట అడిగితే, కొన్నానంటున్న షేర్లు అక్కడ లేవని తేలిపోయేది. ఎవరూ అడగలేదు. 2008 డిసెంబరులో అతనే ఒప్పుకునే దాకా పథకం నడిచింది, కాగితం మీది మొత్తం సుమారు 65 బిలియన్ డాలర్లకు చేరింది. డబ్బు నిజంగా ఉందా అన్న ఒక్క ప్రశ్న వేయడం తన పని అని ఏ ఒక్కరూ అనుకోని చోట చదువూ చట్టమూ కాపాడలేవు.

అయితే అమెరికా ఆ తరువాత చేసిన ఒక పని తెలుగు రాష్ట్రాలు చేయలేదు. సెక్ లోపలి తనిఖీ విభాగాధిపతి తన సొంత సంస్థ అధికారుల మీదే విచారణ జరిపి, 120 మందికి పైగా వ్యక్తులను ప్రశ్నించి, ఏ ఫిర్యాదు ఏ తేదీన ఏ బల్ల మీదికి వచ్చింది, అక్కడ ఏమైంది అన్నది 477 పేజీల నివేదికగా 2009లో బయటపెట్టాడు. శిక్షలు తేలికగానే పడ్డాయి; ఎనిమిది మంది ఉద్యోగులపై క్రమశిక్షణ చర్య తీసుకున్నారు, ఒక్కరినీ ఉద్యోగం నుంచి తీసివేయలేదు. అది అక్కడి లోపం. కానీ ఏం జరిగిందన్నది పౌరులకు తెలిసింది, తరువాతి అధికారికి తన నిర్లక్ష్యం కూడా ఏదో ఒకనాడు పేరుతో సహా రికార్డుకెక్కుతుందన్న ఎరుక కలిగింది.

ఇక్కడ ఆ స్థానంలో జరిగినది ఖజానా నుంచి పరిహారం. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2019లో, 2021లో కలిపి 10.40 లక్షల మంది చిన్న డిపాజిటర్లకు సుమారు 905 కోట్లు చెల్లించింది. ఆ కుటుంబాలకు అది అవసరమైన ఊరట, దాన్ని తప్పుపట్టడం అమానుషం. కాని ఆ డబ్బు పన్ను కట్టిన ప్రతి పౌరుడిది. ఇరవై వేలకు పైబడి కట్టినవారు, తెలంగాణ, కర్ణాటక, ఒడిశా వంటి చోట్ల ఉన్నవారు దాని పరిధిలోకి రాలేదు. అధికారుల నిష్క్రియ వల్ల కలిగిన నష్టాన్ని ప్రజల డబ్బుతో పూడ్చి, నిష్క్రియ గురించి మాత్రం అడగకుండా ఉండడం వల్ల, ఆ నష్టం ప్రకృతి వైపరీత్యం వంటిదన్న భావన స్థిరపడింది.

2019లో పార్లమెంటు అక్రమ డిపాజిట్ పథకాల నిషేధ చట్టం చేసింది కనుక పాత గొడవ ముగిసిందని ఇప్పుడు అంటున్నారు. ఆ చట్టం మంచిదే. అనుమతి లేని డిపాజిట్ పథకాన్ని నడపడమే నేరమని, చెల్లింపులు ఆగేదాకా ఎదురుచూడనక్కరలేదని అది స్పష్టంగా చెబుతుంది. కాని 1999 రాష్ట్ర చట్టం కూడా ముందుగానే జప్తు చేసే అధికారం ఇచ్చిందని మరచిపోకూడదు. అధికారి కదిలితే ఏం చేయవచ్చో రెండు చట్టాలూ చెబుతాయి. కదలకపోతే ఏమిటన్న ప్రశ్నకు రెండింటిలోనూ సమాధానం లేదు. కొత్త చట్టం కింద వచ్చిన ప్రతి ఫిర్యాదు తేదీ, దాని మీద తీసుకున్న చర్య, చర్య తీసుకోకపోతే కారణం, సంతకం చేసిన అధికారి హోదా ప్రజలు చూసేలా ఉంచాలన్న ఒక్క నియమం చేరితే పై తూకం మారుతుంది, ఎందుకంటే అప్పుడు ఫైలును పక్క శాఖకు తోసేయడానికి కూడా ఒక సంతకం కావాలి.

అంతకన్నా ముందు జరగవలసినది అగ్రిగోల్డ్ విషయంలో అధికారుల పాత్ర మీద విచారణ. దానికి కొత్త చట్టమేదీ అక్కరలేదు. ప్రజా ప్రాముఖ్యం గల విషయంపై విచారణ సంఘాన్ని నియమించే అధికారాన్ని 1952 నాటి విచారణ సంఘాల చట్టం రాష్ట్ర ప్రభుత్వాలకు ఇచ్చింది. సెబీ మూసివేయమన్న ఆదేశం ప్రతి ఏ సంవత్సరంలో ఏ కార్యాలయానికి చేరింది, సమన్వయ సంఘం సమావేశాల్లో ఈ పేరు ఎప్పుడు ప్రస్తావనకు వచ్చింది, 2015 జనవరికి ముందు ఏ స్టేషనులో ఎన్ని ఫిర్యాదులు వచ్చి కేసు కట్టకుండా వెనక్కి వెళ్లాయి అన్నవి సాక్షుల జ్ఞాపకాల మీద ఆధారపడే విషయాలు కావు, ఇన్‌వార్డు రిజిస్టర్లలో ఉండవలసిన విషయాలు. రాష్ట్ర విభజన తరువాత ఆ రికార్డులో కొంత హైదరాబాదులో, కొంత ఆంధ్రప్రదేశ్ కార్యాలయాల్లో ఉంది కనుక రెండు ప్రభుత్వాలూ కలిసి ఆ విచారణకు పూనుకోవాలి, నివేదికను శాసనసభల ముందు పెట్టాలి, ఫిర్యాదును తొక్కిపెట్టిన అధికారి పదవీ విరమణ చేసి ఉన్నా అతని పేరును అందులో రాయాలి.